మంచుసీమలో పెరటి తోట

డిసెంబరు నెల వచ్చిందంటే మనకు కూరగాయల పండుగే. పెరట్లో పందిరి మీద చిక్కుడు గుత్తులు గుత్తులుగా కాస్తుంది. సంతలో టమాటా, వంకాయ, కాలీఫ్లవర్, ముల్లంగి రాసులు పోసి వుంటాయి. ఏడాది మొత్తం మీద కూరగాయలకు ఇంతకంటే మంచి రోజులు మనకు లేవు.

సరిగ్గా అవే రోజుల్లో మన దేశానికి ఉత్తరపు కొసన వున్న లదాఖ్‌లో ఒక పెరటిని చూద్దాం రండి. అక్కడ నేల రాయిలా బిగిసిపోయి వుంది. పార వేస్తే ఖంగుమంటుంది. కాలువలో నీళ్ళు గాజు పలకలా గడ్డకట్టాయి. చెట్ల మీద ఒక్క ఆకు లేదు. అయినా ఆ పెరట్లో ఒక మూల, మట్టి గోడల మధ్య, పల్చని ప్లాస్టిక్ పొర కింద పచ్చని పాలకూర నవనవలాడుతోంది!

అక్కడ పొయ్యి లేదు, కరెంటు హీటరూ లేదు. మరి ఆ పాలకూర చలికి చచ్చిపోకుండా ఎలా నిలబడింది? దీనికి జవాబు మీరు బడిలో చదువుకునే ఉష్ణం పాఠంలోనే వుంది. మంచుసీమలో తోట పెంచటమంటే కొత్తగా వేడిని పుట్టించటం కాదు. సూర్యుడు పగలంతా ఉచితంగా ఇచ్చిన వేడిని రాత్రికి పోగొట్టుకోకుండా దాచుకోవటం. ఆ విద్యను లదాఖ్ ప్రజలు ఎలా సాధించారో, ఏడాది పొడుగునా వాళ్ళ పెరట్లో ఏమేం జరుగుతుందో తెలుసుకుందాం.

ఎండ వుంది, వేడి లేదు!

లదాఖ్‌లో పెద్ద పట్టణం లే. సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున వుంది. మేఘాలు అరుదు కనుక ఏడాదిలో 300 రోజులకు పైగా అక్కడ ఎండ కాస్తుంది. అయినా జనవరి నెలలో రాత్రి ఉష్ణోగ్రత సగటున సున్నాకు 13, 14 డిగ్రీల సెంటీగ్రేడ్ దిగువకు పోతుంది. చలి మరీ ముదిరిన రాత్రుల్లో 20 డిగ్రీల దిగువకు కూడా పడిపోతుంది.

అంత ఎండ కాసే చోట అంత చలి ఏమిటి? కారణం గాలి. ఆ ఎత్తున వాతావరణ పీడనం సముద్రతీరంలో వుండే దానిలో మూడింట రెండు వంతులే. గాలి పల్చగానూ, పొడిగానూ వుంటుంది. పగలు వేడెక్కిన నేల రాత్రిపూట తన వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వదిలేస్తుంది. మన దగ్గరైతే గాలిలోని నీటిఆవిరి, మేఘాలు ఆ వేడిలో చాలా భాగాన్ని పీల్చుకుని, కొంత తిరిగి నేలకే పంపిస్తాయి. ఒక దుప్పటిలా పనిచేస్తాయన్నమాట. లదాఖ్ ఆకాశానికి ఆ దుప్పటి చాలా పల్చన.

అక్కడి తోటమాలికి మరో రెండు కష్టాలున్నాయి. ఒకటి, కాలం చాలదు. ఆరుబయట పంట పండించటానికి మే నుంచి సెప్టెంబరు వరకే వీలు. రెండోది, నీళ్ళు లేవు. లేలో ఏడాదికి కురిసే వానా, మంచూ అంతా కలిపితే 10 సెంటీమీటర్లు మాత్రమే. హైదరాబాదులో దాదాపు 80 సెంటీమీటర్లు కురుస్తుంది. కొండల మీది మంచు కరిగి కాలువల్లో దిగివస్తేనే అక్కడ మొక్కకు నీరు.

పోనీ, కూరగాయలు బయటి నుంచి తెప్పించుకుంటే? శ్రీనగర్ నుంచి వచ్చే దారిలో జోజిలా కనుమ, మనాలి నుంచి వచ్చే దారిలో మరికొన్ని కనుమలు చలికాలంలో మంచుతో మూసుకుపోతాయి. పూర్వం నెలల తరబడి రాకపోకలు వుండేవి కావు. ఇటీవలి కాలంలో యంత్రాలతో మంచును తొలగించి, దారి మూసివుండే రోజుల్ని చాలావరకు తగ్గించారు. అయినా మూసినన్నాళ్ళూ తాజా కూర రావాలంటే విమానంలో రావాలి. దాని ధర అందరికీ అందేది కాదు. ఎండబెట్టిన ఆకుకూరల్లో విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. అందుకే పెరట్లో గుప్పెడు పచ్చని ఆకు పండటం ఆ ఇంటి పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

మొక్కను చంపేది ఏది?

చలి మొక్కను ఎలా చంపుతుంది? కణంలోని నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, కణాన్ని పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మంచు ముందుగా ఏర్పడేది కణాల లోపల కాదు, కణాలకూ కణాలకూ మధ్య వుండే ఖాళీల్లో. అక్కడి మంచు స్ఫటికాలు కణంలోని నీటిని బయటికి లాగేస్తాయి. నీరు పోయిన కణం ముడుచుకుపోతుంది. దాని పల్చని పొర దెబ్బతింటుంది. అంటే మొక్క చలిలో వుండి కూడా ఎండిపోయి చస్తుందన్నమాట!

అన్ని మొక్కలూ చలికి ఒకే తీరున లొంగవు. బెండ, వంగ, టమాటా, దోస వెచ్చని దేశాల సంతానం. మంచు కట్టకపోయినా, 10 డిగ్రీల దిగువ చలి కొన్నాళ్ళు సాగితే చాలు, అవి డీలా పడిపోతాయి. పాలకూర, క్యాబేజీ, క్యారెట్, టర్నిప్, ముల్లంగి అలా కాదు. చలి క్రమంగా పెరుగుతూ వుంటే ఇవి తమ కణాల్లో చక్కెరలను పోగుచేసుకుంటాయి. పంచదార కలిసిన నీళ్ళు మామూలు నీళ్ళు గడ్డకట్టే ఉష్ణోగ్రత దగ్గర గడ్డకట్టవు, ఇంకా చల్లబడాలి. చలి తగిలిన క్యారెట్ తియ్యగా వుండటానికి ఇదే కారణం. మనకు రుచిగా తోచేది నిజానికి ఆ మొక్క కప్పుకున్న కంబళి!

కనుక తోటమాలి మొదటి నియమం ఇది: చలికి తట్టుకునే మొక్కను చలికాలానికి, తట్టుకోలేని మొక్కను వేసవికి కేటాయించాలి.

మంచు మీద మన్ను చల్లితే

ఇక సంవత్సరాన్ని వసంతంతో మొదలు పెడదాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొలాల మీద ఇంకా మంచు వుంటుంది. అది దానంతట అది కరిగేదాకా కూర్చుంటే విత్తే అదును దాటిపోతుంది. మరి ఏం చెయ్యాలి?

జాన్‌స్కార్ లోయలోని రైతులు శరదృతువులోనే కొంత పొడి మన్ను తెచ్చి ఇళ్ళల్లో నిలవ వేసుకుంటారు. వసంతం రాగానే ఆ మన్నును తీసుకెళ్ళి పొలంలోని మంచు మీద చల్లుతారు. తెల్లని మంచు తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని పరావర్తనం చేసి తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. ముదురు రంగు మన్ను ఆ ఎండను పీల్చుకుని వేడెక్కి, కింది మంచును కరిగిస్తుంది. పక్క పొలం ఇంకా తెల్లగా వుండగానే ఈ పొలంలో నేల బయటపడుతుంది. అయిదు నెలల పంటకాలంలో కొద్ది రోజులు కలిసివచ్చినా అది పెద్ద లాభమే.

ఎరువు సంగతి కూడా చెప్పాలి. లదాఖ్ సంప్రదాయపు ఇళ్ళలో మరుగుదొడ్డికి నీళ్ళు వాడరు. పై అంతస్తు గదిలో నేలకు ఒక కన్నం వుంటుంది. వాడిన ప్రతిసారీ పైనుంచి కొంత మన్ను వేస్తారు. కింది గదిలో అది నెలల తరబడి మాగి, వాసన లేని ఎరువుగా మారుతుంది. వసంతంలో దాన్ని పొలానికి తోలుతారు. నీళ్ళు కరువైన చోట నీళ్ళు ఆదా, ఎరువు కరువైన చోట ఎరువు లాభం!

మరో ఉపాయం నారుమడి. పాలకూర విత్తనం మూడు, నాలుగు డిగ్రీల చలిలో కూడా మెల్లగా మొలకెత్తగలదు. టమాటా విత్తనానికి కనీసం 10 డిగ్రీలైనా వుండాలి. అందుకని ప్లాస్టిక్ పొర కింద గాని, ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గర గాని ముందుగా నారు పోస్తారు. బయట మంచు భయం పోయాక నారు తీసి నాటుతారు. అయితే వెచ్చగా పెరిగిన నారును ఒక్కసారిగా చలిగాలిలో నాటితే వడలిపోతుంది. వారం పదిరోజులపాటు పగటిపూట కాసేపు బయట వుంచి, రాత్రికి లోపలికి తెచ్చి, దాన్ని చలికి అలవాటు చెయ్యాలి.

నీటిని గడ్డకట్టించి దాచిన ఇంజనీరు

ఏప్రిల్, మే నెలల్లో మొక్కకు నీరు కావాలి. కాని ఎత్తైన కొండల మీది హిమానీనదాలు బాగా కరిగేది జూన్ తరువాతే. చలికాలంలోనేమో ఎవరికీ అక్కరలేని సమయంలో వాగుల్లో నీరు వృథాగా పారిపోతూ వుంటుంది. వద్దన్నప్పుడు వుంది, కావాలన్నప్పుడు లేదు!

ఈ చిక్కును విప్పిన వారిలో ముఖ్యులు చేవాంగ్ నార్ఫెల్ అనే ఇంజనీరు. చలికాలంలో గొట్టాలు పగలకుండా కుళాయిలను కొద్దిగా తెరిచి వుంచటం అక్కడ వాడుక. అలా పారిన నీరు చెట్ల నీడన మెల్లగా సాగే చోట గడ్డకట్టి నిలవటం, వేగంగా పారే చోట గడ్డకట్టకపోవటం ఆయన గమనించారు. వాగు నీటిని కాలువల ద్వారా నీడ పడే లోయకు మళ్ళించి, అడ్డుగా చిన్న చిన్న రాతి గట్లు కట్టించి, నీటి వేగం తగ్గించారు. నీరు పొరలు పొరలుగా గడ్డకట్టింది. ఇలా 1987 నుంచి ఆయన గ్రామాలకు దగ్గరలో, తక్కువ ఎత్తున కృత్రిమ హిమానీనదాలను తయారు చెయ్యటం మొదలుపెట్టారు. తక్కువ ఎత్తున వుండటం వల్ల ఇవి ముందుగా కరిగి, సరిగ్గా విత్తే సమయానికి నీరిస్తాయి. 2015లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

2013లో సోనమ్ వాంగ్‌చుక్ అనే మరో ఇంజనీరు ఇంకొక పద్ధతి మొదలుపెట్టారు. కొండ మీది వాగు నుంచి గొట్టం ద్వారా నీటిని కిందికి తెచ్చి, నిలువు గొట్టం కొస నుంచి చిమ్మిస్తారు. పల్లానికి దిగిన నీరు తన ఒత్తిడితోనే పైకి చిమ్ముతుంది కనుక పంపు అక్కరలేదు. గాలిలోకి చిమ్మిన తుంపరలు చలికి గడ్డకట్టి, శంకువు ఆకారంలో పెద్ద మంచు దిబ్బగా ఎదుగుతాయి. బౌద్ధ స్తూపంలా కనిపించే ఈ దిబ్బను మంచు స్తూపం అంటారు. శంకువు ఆకారం ఎందుకు? ఒక ఐసు గడ్డను నలగ్గొట్టి పళ్ళెంలో పరచండి. అంతే బరువున్న ఇంకో గడ్డను ముద్దగా వుంచండి. ఏది ముందు కరుగుతుంది? పరిచినది. ఎండ తగిలే ఉపరితలం ఎంత తగ్గితే మంచు అంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

వేసవి పొట్టిది, పగలు పొడుగు

వేసవి ఎంత పొట్టిదైనా ప్రకృతి కొంత నష్టపరిహారం ఇస్తుంది. లే 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వుంది. జూన్ నెలలో అక్కడ పగలు పద్నాలుగు గంటలకు పైగా వుంటుంది. ఎండ తీవ్రం. ఆకులు చాలా సేపు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆహారం తయారు చేస్తాయి. రాత్రులు చల్లన కనుక శ్వాసక్రియలో ఖర్చయ్యే ఆహారం తక్కువ. రాబడి ఎక్కువ, ఖర్చు తక్కువ! అందుకే అక్కడ క్యాబేజీలు, ముల్లంగి దుంపలు చూసేవాళ్ళు నోరు వెళ్ళబెట్టేంతగా పెరుగుతాయి.

భూమే అలమర

సెప్టెంబరులో పంట చేతికొస్తుంది. మిద్దెల మీద టర్నిప్ ముక్కలు, ఆకుకూరలు, జల్దారు పళ్ళు ఎండబెడతారు. బంగాళాదుంప, క్యారెట్, టర్నిప్, ముల్లంగిని మాత్రం నేలలో గొయ్యి తీసి దాస్తారు. మట్టి ఉష్ణాన్ని నెమ్మదిగా పీల్చుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. పైన ఉష్ణోగ్రత రాత్రికీ పగటికీ ఎంతగా మారినా, లోతుకు పోయిన కొద్దీ ఆ మార్పు తగ్గిపోతుంది. తగినంత లోతున సున్నాకు కొంచెం పైన ఉష్ణోగ్రత నిలకడగా వుంటుంది. దుంపలు కుళ్ళనంత చల్లన, గడ్డకట్టనంత వెచ్చన! పైన గడ్డి, దాని మీద మన్ను కప్పుతారు. అయితే దుంపలు ప్రాణమున్నవి. అవి శ్వాసిస్తూనే వుంటాయి. కనుక గాలి ఆడటానికి సందు వుంచాలి.

గోడల్లో దాచిన ఎండ

ఇప్పుడు మన పాలకూర దగ్గరికి వద్దాం. 1960ల తొలి సంవత్సరాల్లో రక్షణశాఖ లే పట్టణంలో ఒక వ్యవసాయ పరిశోధనశాలను నెలకొల్పింది. సరిహద్దుల్లో వుండే సైనికులకు తాజా కూరలు అక్కడే పండించాలన్నది ఆశయం. ఇప్పుడు దాన్ని డిహార్ అని పిలుస్తున్నారు. చలికాలపు సాగుకు అక్కడి శాస్త్రజ్ఞులు సూచించిన పద్ధతుల్లో ఒకటి కందకం. సుమారు మూడడుగుల లోతున గొయ్యి తవ్వి, అడుగున ఎరువు కలిపిన మన్ను పరిచి, ఆకుకూర విత్తి, పైన ప్లాస్టిక్ పొర కప్పుతారు. నాలుగు పక్కలా నేలే గోడ. ఖర్చు తక్కువ.

ఇంకా మేలైనది మట్టి గోడల హరితగృహం. ఉత్తరం, తూర్పు, పడమర దిక్కుల్లో మందమైన పచ్చి ఇటుకల గోడలు వుంటాయి. కొన్నిచోట్ల రెండు వరసల గోడ కట్టి, మధ్య ఖాళీలో గడ్డి కూరుతారు. గడ్డిలో చిక్కుకున్న గాలి ఉష్ణాన్ని బయటికి పోనివ్వదు. దక్షిణం వైపు మాత్రం ప్లాస్టిక్ పొర. దక్షిణమే ఎందుకు? చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ప్రయాణిస్తాడు. డిసెంబరు 22 ప్రాంతాన లేలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి 32 డిగ్రీల ఎత్తునే వుంటాడు. పొరను నేలకు సమాంతరంగా పరిస్తే కిరణాలు ఏటవాలుగా తగిలి, చాలా వెలుగు పరావర్తనమై పోతుంది. పొరను ఏటవాలుగా నిలబెడితే కిరణాలు సూటిగా లోపలికి వస్తాయి.

లోపలికి వచ్చిన ఎండ నేలనూ గోడలనూ వేడి చేస్తుంది. గోడకు లోపలి వైపు నల్లరంగు వేస్తే ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. వేడెక్కిన గాలి పైకి లేచి పారిపోకుండా పొర అడ్డుకుంటుంది. పగలంతా గోడలు వేడిని కూడబెడతాయి. రాత్రి అవే గోడలు ఆ వేడిని లోపలికి తిరిగి ఇస్తాయి. బ్యాంకులో వేసిన సొమ్ములాగా!

కాని ప్లాస్టిక్ పొరలో ఒక లోపం వుంది. గాలిని ఆపినంత బాగా అది పరారుణ కిరణాలను ఆపలేదు. అందుకే పొద్దు వాలేసరికి పొర కింద పారాచూట్ గుడ్డ లాంటి తెరను పరుస్తారు. తెల్లవారి ఎండ రాగానే తీసేస్తారు. ఒక్క రోజు మరిచిపోయినా ఆ రాత్రి మొక్కలకు ముప్పే. అలాగే మధ్యాహ్నం కాసేపు కిటికీ తెరవాలి. బయట గడ్డకట్టే చలి వున్నా, మూసిన గదిలో ఎండకు మొక్కలు ఉడికిపోయేంత వేడి పుడుతుంది. తేమ పెరిగి బూజు తెగుళ్ళు వస్తాయి. పైగా మొక్కలు లోపలి కార్బన్ డయాక్సైడును వాడుకుంటాయి కనుక కొత్త గాలి రావాలి.

చలికాలంలో అక్కడ టమాటా కాకుండా పాలకూర, మెంతికూర, కొత్తిమీర ఎందుకు వేస్తారో ఇప్పుడు మీరే చెప్పగలరు. అవి చలికి ఓర్చుకుంటాయి. ఇంకో కారణం కూడా వుంది. కాయ కావాలంటే పువ్వు పూయాలి, పరాగసంపర్కం జరగాలి, చాలా వెచ్చదనం కావాలి. ఆకు కావాలంటే ఆకు పెరిగితే చాలు!

ఈ తోటలకు రాబోయే కాలంలో పెద్ద చిక్కు చలి కాదు, నీరు. భూగోళం వేడెక్కుతున్న కొద్దీ హిమాలయాల్లోని హిమానీనదాలు క్షీణిస్తున్నాయి. కృత్రిమ హిమానీనదాలకైనా ముందు వాగులో నీరుండాలి, చలికాలంలో తగినంత చలి వుండాలి. చలితో పోరాడుతూ బతికిన ప్రజలకు ఇప్పుడు ఆ చలి తగ్గటమే భయం కలిగిస్తోంది.

మీరే చేసి చూడండి

1. ఒకే రకం ఖాళీ డబ్బాలు మూడు తీసుకోండి. ఒకదానికి తెల్లరంగు, రెండింటికి నల్లరంగు వెయ్యండి. మూడింటిలోనూ సమానంగా నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. ఒక నల్ల డబ్బాను పెద్ద గాజు సీసా బోర్లించి మూయండి. రెండు గంటల తరువాత థర్మామీటరుతో ఉష్ణోగ్రతలు కొలవండి. జ్వరం చూసే థర్మామీటరు వద్దు, బడి ప్రయోగశాలలోదే వాడాలి.

2. సాయంత్రం రెండు డబ్బాల్లో సమానంగా వేడి నీళ్ళు పోసి, ఒకదాని చుట్టూ ఎండుగడ్డి దట్టంగా చుట్టండి. అరగంటకొకసారి కొలిచి గ్రాఫు గియ్యండి.

3. చలికాలపు తెల్లవారుజామున ఆరుబయట గడ్డి మీదా, గుబురు చెట్టు కింది గడ్డి మీదా మంచు బిందువులు ఎలా వున్నాయో పోల్చండి. లంబసింగి లాంటి కొండ ప్రాంతాల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగే రోజులుంటాయి. అక్కడివారికి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పారాచూట్ గుడ్డ చేసే పనిని ఇక్కడ చెట్టు ఎలా చేస్తోందో ఆలోచించండి.

4. 90లో నుంచి మీ వూరి అక్షాంశాన్నీ, మరో 23.5నూ తీసివెయ్యండి. డిసెంబరు 22న మధ్యాహ్నం మీ వూళ్ళో సూర్యుడు ఎన్ని డిగ్రీల ఎత్తున వుంటాడో తెలుస్తుంది. హైదరాబాదుకు ఇది సుమారు 49. దాన్ని మళ్ళీ 90లో నుంచి తీసివేస్తే, కిరణాలు లంబంగా తగలటానికి ప్లాస్టిక్ పొరను నేలకు ఎన్ని డిగ్రీల కోణంలో నిలబెట్టాలో వస్తుంది. హైదరాబాదుకు 41. లేకు ఎంతో, మీ వూరికి ఎంతో లెక్క కట్టి చూడండి.